మూత్రాశయంలో దీపం పెట్టిన డాక్టరు

మూత్రంలో రక్తం కనిపించి నందికొట్కూరు నుంచి కర్నూలుకు వెళ్లిన మనిషికి డాక్టరు సిస్టోస్కోపీ చేయాలని చెబుతారు. మూత్రం వచ్చే దారిలోంచి సన్నని గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్ష అది. ఆ మాట వినగానే సగం ధైర్యం పోతుంది. పంట ఇంటికొచ్చాక చేయించుకుంటామని తిరుగు బస్సెక్కేవారూ ఉంటారు. నొప్పి కంటే ముందు మనల్ని భయపెట్టేది లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడమే. నూటయాభై ఏళ్ల కిందట డాక్టర్లదీ ఇదే పరిస్థితి. ఆ చీకటిని పోగొట్టినవారు జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ నిట్సే.

తడిమి చూసే రోజులు

నిట్సే 1848లో బెర్లిన్‌లో పుట్టారు. వైద్యవిద్య పూర్తయ్యాక డ్రెస్డెన్ నగర ఆసుపత్రిలో సహాయ వైద్యుడిగా చేరారు. అప్పట్లో మూత్రాశయంలో రాయి ఉందని అనుమానం వస్తే లోహపు కడ్డీ లోపలికి పంపేవారు. అది దేనికైనా తగిలి టక్కుమంటే రాయి ఉన్నట్టు లెక్క. కణితినో పుండునో గుర్తించడం మరీ కష్టం. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జిని 1806 నాటికే కొవ్వొత్తి వెలుగును గొట్టంలోకి పంపే పరికరం తయారుచేశారు. కానీ దీపం బయటే ఉండటంతో లోపలికి చేరే వెలుగు చాలా తక్కువ.

నిట్సే దీపాన్నే లోపలికి పంపాలనుకున్నారు. మైక్రోస్కోపు కటకాన్ని శుభ్రం చేస్తుండగా అందులో ఎదుటి చర్చి బొమ్మ చిన్నగా కనిపించిందని, గొట్టంలో కటకాలు అమర్చాలన్న ఆలోచన అప్పుడే తట్టిందని చెబుతారు.

నిప్పు చుట్టూ నీళ్లు

అప్పటికి కరెంటు బల్బు ఇంకా వాడుకలోకి రాలేదు. కరెంటు పంపితే ఎర్రగా కాలి వెలిగే ప్లాటినం తీగే దిక్కు. అది తగిలితే మూత్రాశయం కాలిపోతుంది. అందుకే తీగ చుట్టూ చల్లని నీళ్లు పారేలా ఏర్పాటు చేశారు. పరికరాల నిపుణుడు డైకె సాయంతో తయారైన నమూనాను 1877లో డ్రెస్డెన్‌లో మృతదేహంపై ప్రదర్శించారు. తర్వాత వియన్నాలో యోసెఫ్ లైటర్‌తో కలిసి దాన్ని మెరుగుపరచి, 1879లో అక్కడి వైద్యుల ముందు పెట్టారు. ఘనత ఎవరిదన్న విషయంలో ఆ ఇద్దరికీ తర్వాత చెడింది.

రోగి వైపు నుంచి చూస్తే ఆ పరీక్ష చిన్న కష్టం కాదు. బిరుసైన లోహపు గొట్టం, పక్కన బ్యాటరీ, నీళ్ల ఏర్పాటు. ఒకచోట మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇచ్చే పద్ధతి 1884లో గానీ రాలేదు.

ఎడిసన్ బల్బు వచ్చాక పని తేలికైంది. 1887 నాటికి గొట్టం కొసన చిన్న బల్బు అమరింది, నీళ్ల గొడవ తప్పింది. బెర్లిన్‌లో స్థిరపడిన నిట్సే 1889లో సిస్టోస్కోపీపై పాఠ్యగ్రంథం రాశారు. చూడటంతో ఆగక, ఆ గొట్టం ద్వారానే కణితులకు చికిత్స చేసే పరికరమూ రూపొందించారు. 1894లో మూత్రాశయం లోపలి ఫొటోలతో ఒక అట్లాస్ వెలువరించారు. గొట్టానికి కన్ను ఆనించిన ఒక్కరికే కనిపించే దృశ్యం దాంతో పదిమందికీ అందింది. 1906లో, 57 ఏళ్ల వయసులో నిట్సే కన్నుమూశారు.

ఇప్పుడు రోగి వంతు

ఆ ఫొటోలు డాక్టర్ల కోసం తీసినవి. రోగికి చూపించే ప్రయత్నం ఈ మధ్యే మొదలైంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ వైద్యులు కిడ్నీ రాళ్ల ఆపరేషన్‌కు ముందు రోగి సీటీ స్కాన్‌తోనే త్రీడీ నమూనా తయారుచేసి, వర్చువల్ రియాలిటీ కళ్లద్దాల్లో చూపించారు. రాయి ఎక్కడుందో, దాన్ని ఎటునుంచి చేరుకుంటారో రోగి తన కిడ్నీలోనే తిరుగుతున్నట్టు చూస్తాడు. విషయం బాగా అర్థమైందని, ఆందోళన తగ్గిందని రోగులు చెప్పినట్టు 2019లో ప్రచురించారు. అది కొద్దిమందితో చేసిన తొలి ప్రయత్నమే. ఆ కళ్లద్దాలు అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండవు. అవి లేకున్నా స్కాన్ చూపించి, బొమ్మ గీసి చెప్పమని డాక్టరును అడగొచ్చు.

పరీక్షకు ముందు తెలుసుకోండి

• మూత్రనాళంలో మొద్దుబార్చే జెల్లీ వేసి చేసే సిస్టోస్కోపీ సాధారణంగా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అవసరమైతే మత్తు ఇస్తారు.
• రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, జ్వరమో మూత్రంలో మంటో ఉన్నా ముందే చెప్పండి. మందులు సొంతంగా ఆపొద్దు.
• తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త మంట, కొద్దిగా ఎరుపు ఉండొచ్చు. జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, రక్తం గడ్డలుగా పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
• నొప్పి లేకుండా ఒక్కసారే రక్తం కనిపించినా నిర్లక్ష్యం వద్దు. అది మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు.