అబ్రహాము పక్షాన నిలిచిన మేత్రాణులు

పునీత ఇరేనియుసుగారి బాల్యం స్ముర్న పట్టణంలో గడిచింది. అక్కడి మేత్రాణులు పునీత పొలికార్పుగారి ప్రసంగాలను ఆయన పసితనంలోనే విన్నారు. పొలికార్పుగారు అపోస్తలుడైన యోహానుగారి శిష్యులు. అంటే ప్రభువును చూచినవారికీ ఇరేనియుసుగారికీ మధ్య ఉన్నది ఒక్క తరమే.

తర్వాత ఆయన నేటి ఫ్రాన్సులోని లియోను నగరంలో గురువుగా సేవ చేశారు. 177లో అక్కడ క్రైస్తవులపై హింస చెలరేగింది. తొంభై ఏళ్లు దాటిన పోతినుస్ మేత్రాణులు చెరలోనే మరణించారు. బ్లాందీన అనే బానిస యువతి వేదసాక్షి అయింది. విశ్వాసుల లేఖతో రోముకు వెళ్లిన ఇరేనియుసుగారు తిరిగివచ్చి, ఖాళీ అయిన ఆ పీఠాన్ని స్వీకరించారు.

హింస ఒకటైతే, తప్పుడు బోధ మరొకటి. రహస్యజ్ఞానం తెలిసిన కొద్దిమందికే రక్షణ అన్నారు కొందరు. పాతనిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు మార్సియోను. అబ్రహామును రక్షణకు వెలుపల నిలబెట్టాడు. ఇది పండితుల తగాదా మాత్రమే కాదు. నాడు మాటిచ్చిన దేవుడు వేరైతే, ఆ మాట నిలబెట్టేదెవరు?

ఇరేనియుసుగారు సుమారు 180లో ఐదు భాగాల గ్రంథంతో జవాబిచ్చారు. పౌలుగారి బాటలోనే నడిచారు. 99వ ఏట సున్నతి పొందడానికి ముందే, ధర్మశాస్త్రానికి ఎంతో ముందే, అబ్రహాము దేవుణ్ణి నమ్మాడు. అది అతనికి నీతిగా ఎంచబడింది. మన విశ్వాసమూ అదే. అది ఊరక కూర్చున్న విశ్వాసం కాదు సుమా, పిలుపు విని సొంత ఊరు విడిచిన విశ్వాసం.

మరి దేవుడిస్తానన్న భూమి మాటేమిటి? భార్య సారాను పాతిపెట్టడానికి అబ్రహాము 400 తులాల వెండి పోసి చోటు కొనుక్కున్నాడు. అద్దె గదుల్లో ఏళ్లు గడిపే మన కృష్ణానగర్ కుటుంబాలకు ఆ బాధ వివరించనక్కరలేదు. ఇరేనియుసుగారు ఈ చిక్కును దాటవేయలేదు. దేవుడు మాట తప్పడు గనుక, నీతిమంతుల ఉత్థానంలో అబ్రహాము ఆ వారసత్వాన్ని తప్పక పొందుతాడని, విశ్వాసంవల్ల అతని సంతానమైన శ్రీసభకూ అందులో పాలు ఉందని వాదించారు.

అక్షరం రాని జాతుల విశ్వాసాన్ని కూడా ఆయన చిన్నచూపు చూడలేదు. జపమాల తప్ప పుస్తకం ఎరుగని మన అమ్మమ్మలను తలచుకుంటే అది ఎంతో సబబనిపిస్తుంది.

పాస్కా పండుగ తేదీపై విక్టరు పోపుగారు ఆసియా సంఘాలను వెలివేయబోతే, వద్దని లేఖ రాసి శాంతి కోరినదీ ఆయనే. 2022లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను శ్రీసభ పండితునిగా ప్రకటించి, ఐక్యతా పండితుడనే బిరుదు ఇచ్చారు. పండుగ జూన్ 28.

లియోనులోని ఆయన సమాధి 1562 మతకలహాల్లో ధ్వంసమైంది. శతాబ్దాలుగా కనబడని ఆయన చిన్న పుస్తకం ఒకటి 1904లో అర్మేనియా భాషలో దొరికింది. అందులోనూ అబ్రహాము విశ్వాసం గురించి రాసి ఉంది.