పని పంచి యిచ్చిన బిషప్పుగారు

మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కడే కూర్చుండి జనుల తగవులు తీర్చుచుండగా ఆయన మామ యిత్రో చూచెను. ఈ పద్ధతి వలన అల్లుడును నలిగిపోవును, కాచుకొనియున్న జనులును నలిగిపోవుదురని గ్రహించి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను ఏర్పరచుమని బుద్ధి చెప్పెను. ఈ సంగతి నిర్గమకాండము 18వ అధ్యాయములో నున్నది. ఆ బుద్ధిని మన మానుకోట ప్రాంతములోనే ఆచరించి చూపిన బిషప్ అజరయ్యగారి జీవితమును ఈ నెల ధ్యానింతము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో ఒక పల్లెటూరి గురువుగారి కుమారుడుగా జన్మించిరి. యౌవనములో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పని చేసిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ మనుష్యులతో, తమ కానుకలతో సువార్త పని జరిగించుటకు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు ఆయన అందులో ముఖ్యులైరి. ఆ సొసైటీ దోర్నకల్ ప్రాంతమునకు పనివారిని పంపెను. ఇతరులను పంపిన ఆయన 1909లో తన ఉద్యోగము విడిచి, తానును దోర్నకల్ వచ్చి, తెలుగువారి మధ్య కాపురముండిరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన మిషనరీ మహాసభలో ఆయన నిర్భయముగా ఒక సంగతి విన్నవించిరి. విదేశ మిషనరీలు ఎంత త్యాగము చేసినను చాలదు, భారతీయులను స్నేహితులుగా ఎంచవలెనని ఆయన మనవి. మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు ఆయనను నమ్మిరి. భారతీయుడు ఇంత భారము మోయగలడా అని అనేకులు సందేహించినను, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి.

ఆయన గొప్పతనము ఇక్కడ నున్నది: తాను పొందిన నమ్మకమును తనయొద్దనే దాచుకొనలేదు. ఆయన చేతి క్రింది సంఘములలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల బీదలు, చదువు రానివారు. అట్టివారికి పని అప్పగింపరాదని ఆయన తలంపలేదు. ఎడ్లబండి మీద ఊరూర తిరిగి, ఉపదేశకులకు నేర్పి, వారి పనిని పరీక్షించుచుండెడివారు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చేయి యుంచుకొని, సువార్త ప్రకటించుట తమ బాధ్యతయని ఒప్పుకొనునట్లు చేసిరి. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్‌గారు గ్రామ స్త్రీల మధ్య పాటుపడిరి.

1924లో ఆ అధ్యక్ష ఖండములో 8 మంది ఆంగ్లేయ గురువులు, 53 మంది భారతీయ గురువులు ఉండిరి. 1935 నాటికి భారతీయ గురువులే 250 మంది, పల్లె ఉపాధ్యాయులు 2,000కు పైగా నుండిరి. 1945 జనవరి 1న బిషప్పుగారు దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించిరి. కాపరి పోయెను గాని మంద చెదరలేదు. పని నేర్చినవారు ఊరూర నుండిరి. ఆయన ఎంతో ప్రయాసపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలలోని పెద్దలారా, మన సంగతి ఏమి? గుడి తాళము, కానుకల లెక్క, ఆదివారపు బడి, రోగుల పరామర్శ అన్నియు ఒక్కరి చేతనే యుండినయెడల, ఆయనకు జ్వరము వచ్చిన ఆదివారమున గుడి తలుపు తెరచువారెవరు? తానే చేసినయెడల పని చక్కగా జరుగునని మనమందుము. అది కొంతమట్టుకు నిజమే. అయితే పడుచువారు ఎన్నటికి నేర్చుకొందురు?

పని అప్పగించుట యనగా పని విడిచిపెట్టుట కాదు. తగినవానిని ఎన్నుకొనుడి. ప్రక్కన నిలువబెట్టుకొని నేర్పుడి. ఏది అతని పనియో తేటగా చెప్పుడి. అటుతరువాత లెక్క అడుగుడి. మొదటిసారి తప్పినందున పనిని లాగుకొనక, మరల నేర్పుడి. తన్ను నమ్మవలెనని కోరువాడు ఇతరులను నమ్ముట నేర్చుకొనవలెను.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మనలో ప్రతి పెద్దయు తన చేతిలోని ఒక పనిని ఒక యౌవనస్థునికో, ఒక సహోదరికో అప్పగించి, వారి కొరకు ప్రార్థించునుగాక.