గుండె గీతలు చూపిన మహనీయుడు

ఒకసారి నాకు 103 డిగ్రీల జ్వరంలో ఇ.సి.జి. తీస్తే గుండెపోటులా కనిపించింది. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. జ్వరం తగ్గాక గీతలు మామూలుగానే వచ్చాయి. అప్పుడే ఆ యంత్రాన్ని రూపొందించిన విల్లెం ఐంథోవెన్ గురించి తెలుసుకున్నాను.

ఆయన 1860లో జావాలోని సెమరాంగ్‌లో జన్మించారు. వైద్యుడైన తండ్రి చిన్నతనంలోనే పోగా, తల్లి పిల్లలతో హాలండ్ చేరింది. పాతికేళ్ళకే లైడెన్‌లో ప్రొఫెసర్‌గా నియమితులయ్యారు. ఆయన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులు, కాలు ఉప్పునీటి తొట్లలో ఉంచేవారు. రోగులను తరలించలేక ఆస్పత్రి నుంచి ప్రయోగశాలకు కిలోమీటరున్నర తీగ కలిపారు. గీతలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టిందీ ఆయనే. 1924లో నోబెల్ బహుమతి పొంది, 1927లో కన్నుమూశారు.

నా గీతల మార్పును డాక్టరుగారు బ్రుగాడా తరహా అన్నారు. బ్రుగాడా సోదరులు దీన్ని వివరించింది 1992లో. కొందరిలో దాగివున్న ఈ లక్షణాన్ని జ్వరం బయటపెడుతుంది. గుండెపోటు కాకపోయినా తేలిగ్గా తీసుకోరాదట. గుండె లయ తప్పవచ్చు. అందుకే మా అబ్బాయికీ పరీక్ష చేయించాం.

పెన్షనరు మిత్రులకు నా మనవి: పాత ఇ.సి.జి. కాగితాలు పారేయకండి. జ్వరం ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.