మన పడమటి సీమ పెద్ద – పిడతల రంగారెడ్డి గారు



చట్టసభలు రెంటికీ అధ్యక్షత వహించిన గిద్దలూరు నాయకులు స్వర్గీయ పిడతల రంగారెడ్డి గారు. 1968 నుండి 1972 వరకు శాసన మండలి అధ్యక్షులుగాను, 1972 నుండి 1974 వరకు శాసనసభ స్పీకరుగాను పనిచేసినారు.

అవి ఊరూరా సోషలిజం మాట వినిపించిన రోజులు. భూపరిమితి బిల్లు 1972లో వారి అధ్యక్షతనే శాసనసభలో చర్చకు వచ్చినది. 1973 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం లభించినది. జై ఆంధ్ర ఉద్యమం ముదిరి ఆ నెలలోనే రాష్ట్రపతి పాలన వచ్చినది. అప్పటికి మన ఎన్జీవోలు సమ్మెలో ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను జీతం లేక అప్పు చేసి ఇల్లు గడిపినాను.

1975లో చట్టం అమలయ్యాక డిక్లరేషన్లు మా గుమాస్తాల బల్లల మీదికి వచ్చినవి. ఐదుగురు గల కుటుంబానికి మెట్ట భూమి, తరగతిని బట్టి, 35 నుండి 54 ఎకరాలు పరిమితి. లెక్క తప్పితే ఒకరి పొలం పోవును, లేదా కూలివాని ఆశ పోవును. కాగితంపై తేలిన మిగులు భూమి కొన్నిచోట్ల పేదల చేతికి అందనే లేదు.

స్పీకరు ఏ పక్షమూ వహించరాదు. గుమాస్తా ధర్మమూ అంతే. ఆ పెద్దాయన పేరు మన మనుమలకు చెప్పుదము.