మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1885వ సంవత్సరమున నాటి కృష్ణా మండలమందలి నందిగామ తాలూకాలో జన్మించిరి. వారి జీవితము మాత్రము నిజాము రాష్ట్రముననే గడచెను. అచటి తెలంగాణ జిల్లాలలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు, రాజభాష ఉర్దూ. పంతులుగారు ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాయగల ప్రవీణులయ్యు తల్లిభాషను విడనాడలేదు.

1921 నవంబరులో హైదరాబాదునందు, వివేకవర్ధనీ నాటకశాలలో, సంఘసంస్కార సభ జరిగెను. మహారాష్ట్ర విద్యావేత్త కార్వే పండితుడు అధ్యక్షుడు. అన్యభాషోపన్యాసములను శ్రద్ధగా ఆలకించిన సభికులు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగనే అల్లరి చేసి ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి.

పంతులుగారు ఆ సంఘమునకు కార్యదర్శియై, గ్రంథాలయములకును పఠనాలయములకును పాటుపడిరి. అవమానమునకు బదులుగా అవమానమును వారు కోరలేదు. 1928లో హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పిరి. ఉర్దూ మాధ్యమముగాగల ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపు దానికి లభింపలేదు. అప్పుడు ఆ బాలికల పరీక్షలకు ఆశ్రయమిచ్చినది కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే! నాటి సభను తలచి పంతులుగారు మహారాష్ట్రులపై పగబూనియుండినచో ఆ ద్వారము తెరువబడియుండునా?

1951లో వారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరైరి, 1970లో దివంగతులైరి.

విద్యార్థులారా! ఇంటిభాష వేరైన బాలుడు మన తరగతిలో తడబడుచు మాటలాడ నిలిచినప్పుడు, మనము నవ్వు సభికులమగుదుమా, ఆలకించు సోదరులమగుదుమా? యోచింపుడు.