విలేకరి విద్యతో దారి మార్చిన ఐవీ లీ

మన బ్యాచ్‌లో ఇంజినీరింగ్ చదివి బ్యాంకుల్లో చేరినవాళ్లున్నారు, లెక్కల్లో డిగ్రీ చేసి పత్రికల్లో స్థిరపడ్డవాళ్లున్నారు. చదివిందొకటి చేసేదొకటి అని ఇంట్లో మాట పడనివాళ్లు తక్కువే. నాదీ కొంత అలాంటి సంగతే. విద్యుత్ కేంద్రంలో ఇంజినీరునైనా, యూనిట్ ఆగినప్పుడల్లా ఎందుకు ఆగిందో మా పౌర సంబంధాల అధికారికి మామూలు తెలుగులో రాసిచ్చే పని నా మీద పడుతుంటుంది. ఆ పని చేస్తూ చేస్తూ ఆ వృత్తికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ గురించి చదివాను. జూబిలీ సంచికకు ఏదైనా రాయమంటే ఆయనే గుర్తొచ్చాడు.

ఐవీ లెడ్‌బెటర్ లీ 1877లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మెథడిస్టు మతబోధకుడి ఇంట పుట్టాడు. 1898లో ప్రిన్స్‌టన్‌లో పట్టా పుచ్చుకుని న్యూయార్క్ పత్రికల్లో విలేకరిగా చేరాడు. 1903లో ఆ కొలువు వదిలి మేయర్ ఎన్నికల ప్రచారంలోకి దిగాడు. తర్వాత జార్జ్ పార్కర్‌తో కలిసి సంస్థ పెట్టాడు. పౌర సంబంధాలు ఫలానా చోట నేర్పుతారనే మాటే లేని రోజులవి. ఆయన వెంట తెచ్చుకున్నదల్లా విలేకరి విద్య: ఏది ముందు చెప్పాలి, పత్రిక అచ్చుకెళ్లేది ఎప్పుడు, సంగతి చెప్పకపోతే పుకారు ఎలా పుడుతుంది.

1906లో బొగ్గు గని యజమానులకూ కార్మికులకూ తగాదా వచ్చింది. చర్చలకు విలేకరులను రానివ్వలేదు. లీ ప్రతి సమావేశం తర్వాత ఏం జరిగిందో రాసి పత్రికలకు పంపాడు. తాను పంపేది రహస్యంగా చేసే పని కాదనీ, ప్రకటన కూడా కాదనీ, సంపాదకులు అనుమానముంటే సరిచూసుకోవచ్చనీ ముందే తెలియజేశాడు.

అదే ఏడాది అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్వే వారి రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను కప్పిపుచ్చడం అప్పటి రైల్వేల అలవాటు. లీ మాత్రం తెలిసిన వివరాలను కంపెనీ తరఫునే రాసి పత్రికలకు పంచాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొదటి పత్రికా ప్రకటన అదేనని చాలామంది చెబుతారు. వార్త రాసే చేయి కాబట్టే అది అలా కుదిరిందని నేననుకుంటాను.

అయితే విలేకరి విద్యలో రాయడం సగమే, విచారించడం మిగతా సగం. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్లో దగ్గర సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాలు కాలిపోయాయి. చనిపోయిన వారిలో పదకొండు మంది పిల్లలు. ఆ కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. వాళ్లు లీని పిలిపించారు. ఆయన వరసగా కరపత్రాలు రాయించి దేశమంతా పంపాడు. వాటిలో తప్పులు దొర్లాయి. యూనియన్ నాయకులకు ఏడాది మొత్తంలో ముట్టిన సొమ్మును కొద్ది వారాల్లో ముట్టినట్టు వేశారు. 1915లో ప్రభుత్వ కమిషన్ నిలదీస్తే, కంపెనీ ఇచ్చిందే వేశాననీ తాను విడిగా సరిచూడలేదనీ ఒప్పుకున్నాడు. మా షిఫ్టు లాగ్‌బుక్‌లో మీటరు చూడకుండా ఎవరో చెప్పిన రీడింగు రాసేవాణ్ని మేం ఒక్కరోజు కూడా ఉంచుకోం. విలేకరిగా ఉన్నప్పుడు లీని కూడా ఏ సంపాదకుడూ ఉంచుకునేవాడు కాదు. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయన పేరు మీదే ఒక విషపు తీగ పేరు తగిలించాడు. అది చివరిదాకా వదల్లేదు.

తర్వాత ఇరవై ఏళ్లు పెద్ద పెద్ద కంపెనీలు ఆయన సలహా తీసుకున్నాయి. 1934లో, హిట్లర్ ఏలుబడిలో ఉన్న జర్మనీకి చెందిన రసాయన సంస్థ ఐజీ ఫార్బెన్‌కు సలహాదారుగా ఏడాదికి 25,000 డాలర్లు తీసుకుంటున్నాడని అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు బయటపడింది. ఆ రభస సద్దుమణగకముందే, అదే ఏడాది నవంబరులో, మెదడులో కణితితో 57వ ఏట కన్నుమూశాడు. ఆయన కాగితాలు తాను చదువుకున్న ప్రిన్స్‌టన్‌లోనే భద్రంగా ఉన్నాయి.