అజ్మలీన్: ఉస్తాద్ పేరు పెట్టిన మందు - డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ జీవితం

ఆస్రోల్ అనే పేరు యునానీ దవాఖానాలతో పరిచయం ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు వినే ఉంటారు. తెలుగులో దాన్నే సర్పగంధి అంటాం. నిద్ర పట్టనివాళ్లకు, మతి చలించినవాళ్లకు హకీంలూ వైద్యులూ తరతరాలుగా ఈ మొక్క వేరు పొడి ఇస్తూ వచ్చారు. పొడి పని చేసేది, కానీ ఆ పొడిలో ఏది పని చేస్తోందో ఎవరికీ తెలియదు. ఆ వేరులోంచి తెల్లటి స్ఫటికాలు తీసి, వాటికి తన పెద్దదిక్కు పేరు పెట్టిన మనిషి డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ.

ఆయన 1897 అక్టోబర్ 19న లక్నోకు దగ్గర్లోని బారాబంకీ జిల్లా సుబేహాలో పుట్టారు. ముస్లిం లీగ్ నాయకుడు చౌధురీ ఖలీఖుజ్జమాన్ ఆయన అన్న. చదువు అలీగఢ్ లో, అదీ ఫిలాసఫీ, ఫార్సీ! కెమిస్ట్రీతో ఏ సంబంధమూ లేదు. 1920లో డాక్టరీ చదవాలని లండన్ వెళ్లారు. అక్కడ ఏడాది ఉండి, జర్మనీలోని ఫ్రాంక్ ఫర్ట్ చేరి కెమిస్ట్రీ పట్టుకున్నారు. బొగ్గుతో బొమ్మలు గీయడం ఇంకో పిచ్చి. 1924లో ఆ ఊళ్లోనే ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. అదే ఏడాది తనతో చదువుకున్న జర్మన్ అమ్మాయి ఎథెల్ తో నికాహ్ అయింది. 1927లో ప్రొఫెసర్ యూలియస్ ఫాన్ బ్రౌన్ దగ్గర డాక్టరేట్ పూర్తి చేశారు.

ఇక్కడ హకీం అజ్మల్ ఖాన్ గురించి చెప్పకపోతే కథ ముందుకు పోదు. ఢిల్లీలో పేరుమోసిన హకీంల ఖాందాన్ ఆయనది. కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేశారు, జామియా మిల్లియాకు మొదటి చాన్స్ లర్. కరోల్ బాగ్ లో ఆయన నిలబెట్టిన తిబ్బియా కాలేజీలో యునానీ, ఆయుర్వేదం రెండూ ఒకే కప్పు కింద నేర్పేవారు. 1921లో దాన్ని గాంధీజీ ప్రారంభించారు. దేశీ వైద్యం మీద ఇంగ్లీషు డాక్టర్ల విమర్శలు గట్టిగా ఉన్న కాలం అది. మా వైద్యం గొప్పదని కేకలేస్తే చాలదని, మందుల్ని లేబొరేటరీ గీటురాయి మీద పెట్టాల్సిందేనని హకీం సాబ్ గట్టిగా నమ్మారు. హకీముల ఇంట పుట్టిన మనిషి ఇలా తలచడం చిన్న విషయం కాదు. పరీక్షలో మందు ఓడిపోతే పోయేది ఖాందాన్ పరువే మరి!

ఆ పనికి ఆయన ఎంచుకున్నది సిద్దీఖీని. జర్మనీ నుంచి తిరిగొచ్చిన ఈ కుర్రవాడికి తిబ్బియా కాలేజీలో పరిశోధన సంస్థ నెలకొల్పే బాధ్యత అప్పగించారు. కానీ 1927 డిసెంబర్ చివర్లో హకీం అజ్మల్ ఖాన్ ఇంతిఖాల్ అయ్యారు. సంస్థ అప్పుడప్పుడే మొదలవుతోంది. నీడనిచ్చిన పెద్దాయన లేరు. సిద్దీఖీ అక్కడే ఉండిపోయారు, 1940 దాకా.

మొదట చేతికి తీసుకున్నది ఆస్రోల్ వేరునే. ఒక మొక్కలోంచి ఇలాంటి పదార్థాన్ని విడదీయడం ఎలాగో కాస్త చెప్పుకుందాం. వేరును ఎండబెట్టి, దంచి, ఆల్కహాల్ లో నానబెడతారు. పొడిలోని చాలా పదార్థాలు ఆల్కహాల్ లోకి దిగుతాయి. దాన్ని ఇగరబెడితే జిగురుగా ముదురు రంగు ముద్ద మిగులుతుంది. అందులో చక్కెరలు, రంగులు, మైనం, మందు అన్నీ కలిసి ఉంటాయి. ఆల్కలాయిడ్లు అనే రకం పదార్థాలకు ఒక గుణం ఉంది. పలచటి ఆమ్లం పోస్తే అవి కరుగుతాయి, తర్వాత అమ్మోనియా లాంటి క్షారం కలిపితే విడిపోయి అడుగుకు చేరతాయి. ఆ మడ్డిని మళ్లీ కరిగించి, వడగట్టి, స్ఫటికాలు కట్టేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. కిలోల కొద్దీ వేరు పోస్తే దక్కేది గ్రాముల్లోనే.

1931లో సిద్దీఖీ, ఆయనతో పనిచేసిన రఫత్ హుస్సేన్ సిద్దీఖీ ఫలితాలు ప్రకటించారు. వేరులో ఒక్క ఆల్కలాయిడ్ కాదు, ఒక గుంపే ఉంది. తెల్లటివాటికి అజ్మలీన్, అజ్మలినిన్, అజ్మలిసిన్ అని హకీం సాబ్ పేరు మీదుగా పేర్లు పెట్టారు. పసుపు రంగువాటికి మొక్క శాస్త్రీయ నామం మీదుగా సర్పెంటీన్, సర్పెంటినిన్ అన్నారు. హకీం సాబ్ పోయి అప్పటికి నాలుగేళ్లు.

అయితే కథ అక్కడితో సాఫీగా ముగియలేదు. అజ్మలీన్ గుండె లయ మీద పనిచేస్తుంది. కానీ ఆస్రోల్ కు వందల ఏళ్ల పేరు తెచ్చింది మనసును నెమ్మదింపజేసే గుణం. అది ఈ తెల్ల, పసుపు స్ఫటికాల్లో లేదు. సిద్దీఖీ తమ ఫలితాలు ప్రకటించిన 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, పిచ్చికి పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రక్తపోటు రోగుల అనుభవాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్ లోని సీబా కంపెనీ రసాయనవేత్తలు అదే వేరులోని జిగురు భాగం నుంచి రిసర్పిన్ ను విడదీశారు. లోకమంతా వాడిన మందు అదే అయింది. స్ఫటికం చేతికొచ్చిందంటే వేరులోని గుణమంతా చేతికొచ్చినట్టు కాదన్నమాట. హకీంలు చెప్పింది అబద్ధం కాలేదు, సిద్దీఖీ తీసిందీ తప్పు కాలేదు. వేరులో రెండూ ఉన్నాయి.

1940లో ఆయన శాంతిస్వరూప్ భట్నాగర్ నడిపిస్తున్న, తర్వాత సీఎస్ఐఆర్ గా మారిన పరిశోధన బోర్డులో చేరారు. రెండేళ్లకు వేప మీద చేసిన పని బయటికొచ్చింది. మన ఊళ్లలో వేప పండు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పైన గుజ్జు తియ్యగా ఉంటుంది, పిల్లలు చప్పరిస్తారు. లోపలి గింజ పప్పులోంచి తీసిన నూనె మాత్రం నోట పెట్టలేం. ఆ చేదు నూనెది కాదు, నూనెలో కలిసి ఉన్న వేరే పదార్థాలది. వాటిని విడదీయడానికి సిద్దీఖీ ఈథర్, పెట్రోలియం ఈథర్, ఇథైల్ ఎసిటేట్, పలచటి ఆల్కహాల్ వాడారు. ఇన్ని ఎందుకంటారా? బిర్యానీ వండే ఇంట్లో ఇది తెలిసిన సంగతే. జాఫ్రాన్ రంగు పాలలో దిగుతుంది, నూనెలో దిగదు. ఎర్ర మిరప రంగు నూనెలో దిగుతుంది కాబట్టే సాలన్ మీద ఎర్రగా తేలుతుంది. ఒక్కో పదార్థం ఒక్కో ద్రవంలోకి వెళ్తుంది. ద్రవాలు మార్చుకుంటూ పోతే కలిసి ఉన్నవి విడిపోతాయి.

అలా మూడు చేదు పదార్థాలు దొరికాయి. నింబిన్ స్ఫటికాలు 205 డిగ్రీల దగ్గర కరిగాయి, నింబినిన్ 192 దగ్గర. మూడోది నింబిడిన్, మీగడ రంగు పొడి, 90 నుంచి 100 డిగ్రీల మధ్య కరిగింది. ఈ అంకెలు ఊరికే రాసుకున్నవి కావు. శుద్ధమైన పదార్థం ఒక వేడి దగ్గరే కరుగుతుంది, కల్తీ ఉంటే మెల్లగా మెత్తబడుతూ పోతుంది. నింబిడిన్ పది డిగ్రీల మేర సాగింది చూడండి. అది ఒక్కటి కాదు, కొన్నింటి మిశ్రమమని తర్వాతివాళ్లు తేల్చారు. ఎక్కువ మొత్తంలో వచ్చిందీ, సూక్ష్మక్రిముల మీద పనిచేసిందీ కూడా అదే. పురుగుల్ని తిననివ్వని అజాడిరక్టిన్ ను వేప గింజల నుంచి విడదీసింది 1968లో, ఇంగ్లండ్ లో. ఆంధ్ర, తెలంగాణ రైతులు వేప గింజల కషాయం చల్లుతున్నారంటే అందులో ముఖ్యంగా పనిచేసేది ఈ అజాడిరక్టినే.

దేశ విభజన జరిగాక కూడా ఆయన నాలుగేళ్లు ఢిల్లీని వదల్లేదు. అన్న ఎప్పుడో వెళ్లిపోయారు. చివరికి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఆహ్వానం మీద 1951లో పాకిస్తాన్ వెళ్లారు. యాభై దాటిన వయసులో మళ్లీ ఖాళీ గదులతో మొదలు. అక్కడి శాస్త్ర పరిశోధన మండలిని 1953లో స్థాపించి నడిపించారు, 1961లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1966లో రిటైరయ్యారు. రిటైరయ్యాక మనిషి ఇంట్లో కూర్చోలేదు. కరాచీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన సంస్థ పెట్టారు. 1976లో హుసేన్ ఇబ్రాహీం జమాల్ ఫౌండేషన్ 50 లక్షల రూపాయలు ఇవ్వడంతో దానికి ఆ పేరే వచ్చింది. 1990 దాకా, అంటే తొంభై దాటాక కూడా, దాని డైరెక్టర్ ఆయనే. వేప మీద పని చివరి దాకా సాగింది.

1994 ఏప్రిల్ 14న కరాచీలో ఆయన కన్నుమూశారు. అజ్మలీన్ మాత్రం ఇంకా వాడుకలో ఉంది. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ గుండె హఠాత్తుగా ఆగిపోయే బ్రుగాడా జబ్బు ఉందేమోనని అనుమానం వస్తే, యూరప్ ఆసుపత్రుల్లో దాన్ని నరంలోకి ఎక్కిస్తూ ఈసీజీ తీస్తారు. దాగి ఉన్న జబ్బు ఆ గీతల్లో బయటపడుతుంది. ఆ పరీక్షను డాక్టర్లు అజ్మలీన్ టెస్ట్ అనే పిలుస్తారు.